గుంటగలగర అని కొన్న మొక్కకు పసుపు పువ్వు పూసింది, ఇది అసలుదేనా?

మిద్దెతోట_సుధ
జూన్‌లో మా వీధి చివర నర్సరీలో గుంటగలగర అడిగితే 60 రూపాయలకు ఒక కవరు మొక్క ఇచ్చారు. మిద్దె మీద తొట్టిలో పెట్టాను. రెండు నెలలు తిరిగేసరికి తొట్టి నిండిపోయి, అంచు దాటి కిందికి వేలాడి, పక్కనున్న కరివేపాకు కుండీలోకి కూడా పాకింది. నా చేతి చలవ అనుకుని మురిసిపోయాను. పోయిన వారం ఆ ఆకు వేసి కిలో కొబ్బరినూనె కాచి వడగట్టాను కూడా. మర్నాడే మొదటి పువ్వు విచ్చింది. పసుపు రంగు, రూపాయి బిళ్ళంత ఉంది. మా అత్తయ్య చూసి "గుంటగలగరకు తెల్ల పువ్వు కదమ్మా" అన్నారు. నర్సరీ ఆయనేమో "ఇది పసుపు గుంటగలగర, తెల్లదానికంటే శ్రేష్ఠం" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? కాచిన నూనె తలకు రాయవచ్చా?

గట్టుమీది_రైతు
అత్తయ్య గారి మాటే నిజం. వరి గట్ల మీద, కాలువ ఒడ్డున, బోరు నీళ్ళు నిలిచే చోట దానంతట అదే మొలుస్తుంది. పువ్వు తెల్లగా చొక్కా గుండీ అంత ఉంటుంది. డబ్బు పెట్టి కొనవలసిన మొక్క కాదు.

మూలికల_మూర్తి
నర్సరీ ఆయనను అంత తొందరగా తప్పు పట్టకండి. ఆయుర్వేద నిఘంటువులలో భృంగరాజం, అంటే మన గుంటగలగర, మూడు రకాలు: తెల్లది, పసుపుది, నీలిది. మా తాతగారు వైద్యం చేసేవారు, పసుపుదాన్ని కూడా వాడేవారు. పువ్వు పసుపు అయినంత మాత్రాన నకిలీ అనలేము.

సూక్ష్మదర్శిని
మూర్తి గారి మాట కొట్టివేయదగినది కాదు. అయితే సుధ గారి తొట్టిలో ఉన్నది ఆ పసుపుదేనా అన్నది వేరే ప్రశ్న. కళాశాలలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పాను. ఈ మొక్కల గందరగోళం దాదాపు ప్రతి ఏడూ ఎవరో ఒక విద్యార్థి ఎండు మొక్కను అతికించి తెచ్చే హెర్బేరియం షీటు మీద నా బల్ల దగ్గరకు వచ్చేది.

ఇక్కడ మనం మాట్లాడుకోవలసినవి మూడు మొక్కలు. తెల్ల పువ్వుది ఎక్లిప్టా ప్రోస్ట్రేటా, మన గుంటగలగర. మందుగా వాడే పసుపుది స్ఫాగ్నెటికోలా కాలెండ్యులేసియా. పాత పుస్తకాలలో వెడీలియా కాలెండ్యులేసియా, వెడీలియా చైనెన్సిస్ అనే పేర్లతో కనిపిస్తుంది. మూడోది స్ఫాగ్నెటికోలా ట్రైలోబేటా. ఇది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి అలంకారం కోసం వచ్చింది. రోడ్డు మధ్య డివైడర్లలో, కార్యాలయాల ముందు నేలంతా కప్పేసి పచ్చగా మెరుస్తూ ఉంటుంది. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 దురాక్రమణ జీవుల జాబితాలో దీని పేరు ఉంది.

సుధ గారూ, రెండు పనులు చేసి చెప్పండి. ఆకు అంచు చూడండి: పొడవుగా, సన్నగా, ఒకే రేకుగా ఉందా, లేక చివరన మూడు తమ్మెలుగా చీలిందా? తరువాత నాలుగు లేత కొమ్మలు అరచేతిలో గట్టిగా నలిపి పది నిమిషాలు ఆగండి.

చెన్నపట్నం_తెలుగు
మూర్తి గారు చెప్పిన పసుపుది ఇక్కడ ఆకుకూరల బండి మీదే దొరుకుతుంది. తమిళులు మంజళ్ కరిసలాంకణ్ణి అంటారు. పప్పులో వేస్తారు, వేపుడు చేస్తారు. ఆకు కోలగా, కాస్త గరుకుగా ఉంటుంది. డివైడర్ల మీద పాకే మొక్కతో దాన్ని పోల్చి చూశాను, ఆకు పక్కపక్కన పెడితే తేడా పిల్లలు కూడా చెబుతారు.

మిద్దెతోట_సుధ
ఇప్పుడే మిద్దె మీద నుంచి దిగాను. ఆకు నున్నగా మెరుస్తోంది, చాలా ఆకులకు చివర మూడు తమ్మెలు స్పష్టంగా ఉన్నాయి. కొమ్మ మట్టిని తాకిన ప్రతి కణుపు దగ్గరా వేళ్ళు వచ్చాయి. నలిపి అరగంట చూశాను. చేయి పచ్చగానే ఉంది.

సూక్ష్మదర్శిని
అయితే మీది మూడోది, అలంకారపు తీగ. తెల్ల గుంటగలగర నలిపితే రసం కాసేపటికి నల్లబడి అరచేతికి మరక పడుతుంది. అది ఇంట్లో చేసుకోగల మొదటి పరీక్ష. నూనె మాటకొస్తే, పేరు తప్పు అని తెలిసిన తరువాత నేనైతే తలకు రాయను.

మూలికల_మూర్తి
ఆకు మూడు తమ్మెలైతే నా వాదన ఆ మొక్కకు వర్తించదు, ఒప్పుకుంటున్నాను. పసుపు భృంగరాజం ఉందన్న మాట మాత్రం వదలను. ఇంకొక సందేహం. మందుల సీసాల మీద ఎక్లిప్టా ఆల్బా అని ఉంటుంది. మీరేమో ప్రోస్ట్రేటా అంటున్నారు. ఇవి రెండు మొక్కలా?

సూక్ష్మదర్శిని
ఒకటే మొక్క. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ ఒకే పుస్తకంలో దీన్ని రెండు వేర్వేరు మొక్కలుగా భావించి వెర్బెసినా ఆల్బా, వెర్బెసినా ప్రోస్ట్రేటా అని రెండు పేర్లు పెట్టాడు. తరువాత వచ్చినవారు రెండూ ఒకటేనని తేల్చి ప్రోస్ట్రేటా అన్న పేరును నిలిపారు. ఆల్బా అంటే తెల్లనిది, ప్రోస్ట్రేటా అంటే నేల మీద వాలినది. సీసాల వాళ్ళు పాత అలవాటు మానలేదు, అంతే.

రసాయన_రవళి
మూర్తి గారి పసుపుదానికి ఇక్కడ ఒక గౌరవం దక్కాలి. గుంటగలగర గురించి ఏ పరిశోధన తీసినా మొదట వినిపించే పదార్థం వెడెలోలాక్టోన్. ఆ పేరు వెడీలియా నుంచి వచ్చింది. 1956లో మద్రాసులో టి.ఆర్. గోవిందాచారి బృందం దాన్ని పసుపుదాని నుంచే వేరుచేసింది. తెల్లదానిలో కూడా అదే ఉంది. వెడీలియా అన్న పేరేమో జర్మనీ వైద్యుడు గేఓర్గ్ వోల్ఫ్‌గాంగ్ వెడెల్ జ్ఞాపకంగా పెట్టినది. మొక్క పేరు 1996లో స్ఫాగ్నెటికోలాగా మారింది, పదార్థం పేరు మాత్రం పాతదే మిగిలింది.

మూలికల_మూర్తి
రవళి గారూ, ఈ సంగతి మా తాతగారు విని ఉంటే ఎంత సంతోషించేవారో.

ఎనిమిదో_తరగతి_నాన్న
చర్చ పక్కదారి పట్టిస్తున్నందుకు మన్నించండి. మా అమ్మాయి పాఠంలో "పొద్దుతిరుగుడు ఒక పువ్వు కాదు, పూల సమూహం" అని ఉంది. తను నమ్మడం లేదు. రేకులు కనిపిస్తున్నాయి, మధ్యలో గుండ్రం కనిపిస్తోంది, ఇక పువ్వు కాకపోవడం ఏమిటని అడుగుతోంది. నాకూ చెప్పడం రాలేదు.

సూక్ష్మదర్శిని
పక్కదారి కాదు, ఇదే అసలు దారి. గుంటగలగర, పొద్దుతిరుగుడు ఒకే కుటుంబం, ఆస్టరేసి. ఈ కుటుంబాన్ని గుర్తుపట్టే కీలకం మీ అమ్మాయి ప్రశ్నలోనే ఉంది. పొద్దుతిరుగుడు దొరకకపోతే ఇంటి ముందు గడ్డి చామంతి కోయండి. పొడవాటి కాడ, చివర తెల్లని అంచుతో పసుపు బొట్టులాంటి పువ్వు, ఊరంతా ఉంటుంది. మంచి బ్లేడుతో నిలువుగా రెండు ముక్కలు చేయండి, పని పెద్దవాళ్ళు చేయాలి. తెల్ల కాగితం మీద పెట్టి సూదితో ఒక్కొక్కటే విడదీయండి.

మనం రేకు అనుకున్న తెల్లనిది లాగితే దాని అడుగున ఒక చిన్న గింజ, పైన రెండుగా చీలిన కీలాగ్రం కనిపిస్తాయి. రేకుకు గింజ ఉండదు కదా. అంటే అది రేకు కాదు, రేకంత వెడల్పుగా ఒక పక్కకు సాగిన పూర్తి పువ్వు. వీటిని కిరణ పుష్పకాలు అంటాం. గడ్డి చామంతిలో ఇవి ఆడపూలు. ఇక మధ్యలోని పసుపు బొట్టు పదుల కొద్దీ సన్నని గొట్టాల కట్ట. ఒక్కో గొట్టం ఒక పువ్వు, దాని నోటి దగ్గర అయిదు పళ్ళు. అందులో ఆడ, మగ రెండూ ఉంటాయి. ఈ మొత్తాన్ని కింద నుంచి పట్టుకున్న ఆకుపచ్చ దొన్నెను సామాన్యంగా రక్షకపత్రాలు అనుకుంటారు. అది పరిచక్ర పుచ్ఛావళి, అంటే ఊరంతటికీ కలిపి కట్టిన ఒక ప్రహరీ. ప్రతి ఇంటికీ ఉండవలసిన సొంత గోడ, అంటే రక్షకపత్రావళి, ఇక్కడ వెంట్రుకల కుచ్చుగా మారిపోయింది. ఎండిన గడ్డి చామంతిని ఊదితే గాలిలో తేలిపోయేది ఆ కుచ్చే. దాన్ని పాపస్ అంటారు.

ఇంకొకటి చూపించండి, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గొట్టం పువ్వులోని అయిదు పరాగకోశాలు పక్కపక్కన అతుక్కుని లోపల ఇంకొక చిన్న గొట్టం అవుతాయి. పుప్పొడి ఆ గొట్టం లోపలికే రాలుతుంది. అప్పుడు కింద నుంచి కీలం పెరుగుతూ, పిచికారీలో కడ్డీ తోసినట్టు, పుప్పొడినంతా పైకి నెడుతుంది. పురుగులు దాన్ని మోసుకుపోయాకనే కీలాగ్రం రెండుగా విచ్చుకుని తనకు కావలసిన పుప్పొడి కోసం ఎదురుచూస్తుంది. ముందు ఇవ్వడం, తరువాత పుచ్చుకోవడం.

నిజామాబాద్_నీలిమ
మా ఇద్దరు పిల్లలతో ఇప్పుడే చేశాం. ఫోను కెమెరాకు చిన్న భూతద్దం అతికించి చూశాం. తెల్లది లాగగానే గింజ వచ్చింది, పెద్దవాడు ఎగిరి గంతేశాడు. ఒక పువ్వులో తెల్లవి 5, ఇంకొకదానిలో 4, మరొకదానిలో 6 వచ్చాయి. ఇవి ఒకే మొక్క పూలు. లెక్క మారితే గుర్తింపు ఎలా కుదురుతుంది?

సూక్ష్మదర్శిని
గడ్డి చామంతిలో అంచు పూలు 3 నుంచి 8 వరకు ఉండవచ్చు, 5 ఎక్కువగా కనిపిస్తుంది. అంకె ఒక్కటే పట్టుకుంటే మోసపోతాం. వాటి చివర చూడండి, మూడు నొక్కులు ఉంటాయి.

కాఫీ_కృష్ణ
మూడు నొక్కులు అన్నారు, నేను ఊటీలో చూసిన చికోరి పువ్వుకు ప్రతి నీలి రేకు చివర అయిదు పళ్ళు ఉన్నాయి. అదీ ఇదే కుటుంబం కదా. మీ సూత్రం అక్కడ చెల్లదేమో.

సూక్ష్మదర్శిని
కృష్ణ గారూ, మంచి చోట పట్టుకున్నారు. పువ్వు మొదట అయిదు రేకులది. అంచు పువ్వులో మూడు రేకులు కలిసి ఒక పక్కకు సాగాయి, అందుకే మూడు నొక్కులు. చికోరి, లెట్యూస్ తెగలో, అంటే కుటుంబంలోని ఆ శాఖలో, అయిదుకు అయిదూ కలిసి ఒక నాలుకలా సాగాయి. అక్కడ మధ్య గొట్టం పూలు ఉండనే ఉండవు, అంతా నాలుకలే. పైగా కాడ తుంచితే పాలు కారుతాయి. మీ కాఫీలో కలిసే చికోరి ఆ మొక్క వేరు నుంచి వచ్చినదే. నొక్కులు లెక్కపెడితే ఏ తెగో సగం తెలిసిపోతుంది.

తాండూరు_బిడ్డ
మా కుసుమ చేను మాట ఎవరూ ఎత్తలేదు. కుసుమకు అంచు రేకులే ఉండవు. ముళ్ళ బుట్టలోంచి నారింజ రంగు కుచ్చు లేస్తుంది. చిన్నప్పుడు అది అసలు ఈ కుటుంబంలోదే కాదనుకునేవాడిని. కోతకు వెళితే చేతులకు గుడ్డలు చుట్టుకునేవాళ్ళం, అంత ముల్లు.

సూక్ష్మదర్శిని
కుసుమలో అన్నీ గొట్టం పూలే. ఆ ముళ్ళు ప్రహరీ ఆకులవి. దాని తెగ కార్డ్యుయే, ముళ్ళకు పేరుబడ్డ తెగ. అంచు పూలు మాత్రమే ఉన్నవి, మధ్య పూలు మాత్రమే ఉన్నవి, రెండూ ఉన్నవి అని మూడు గుంపులు మీరంతా కలిసి ఇక్కడికే తెచ్చేశారు.

బంతిపూల_బాలమణి
అయితే బతుకమ్మలో పేర్చే పూలన్నీ ఈ కుటుంబమేనా? బంతి, చామంతి, గునుగు, తంగేడు.

నిజామాబాద్_నీలిమ
గునుగు కూడా ఇదే అనుకుంటాను బాలమణి గారూ. అది కూడా చిన్న చిన్న పూల గుత్తే కదా, దులిపితే నల్లని గింజలు రాలుతాయి.

సూక్ష్మదర్శిని
గుత్తి అయినంత మాత్రాన చాలదు నీలిమ గారూ. గునుగు సెలోషియా, తోటకూర కుటుంబం. దాని అండాశయం పువ్వు లోపల, పైన ఉంటుంది. కాయ మూతలా తెరుచుకుని అందులోంచి గింజలు రాలతాయి. మన కుటుంబంలో అండాశయం రేకుల కింద ఉంటుంది, ఒక పువ్వుకు ఒక్కటే గింజ. పైగా ఇక్కడ పరాగకోశాలు అతుక్కుని ఉండాలి. తంగేడు చిక్కుడు వర్గం. బతుకమ్మలో మనవి బంతి, చామంతి రెండే.

బంతిపూల_బాలమణి
రెండైనా చాలు. మేము టమాటా సాళ్ళ మధ్య బంతి వేస్తాం. 16 సాళ్ళ టమాటాకు ఒక సాలు బంతి వేయమని చెప్పారు. శనగపచ్చ పురుగు తల్లి ముందు బంతి మీదే గుడ్లు పెడుతుంది, ఆ పూలు గిల్లి పారేస్తాం. బంతి వేసిన మడిలో తరువాతి పంటకు వేరుబుడిపె కూడా తగ్గినట్టు మాకు అనిపించింది.

రసాయన_రవళి
అనిపించడం కాదు, దానికి కారణం ఉంది. బంతి వేళ్ళలో ఆల్ఫా టెర్థియెనిల్ అనే పదార్థం ఉంటుంది, అది వేరుబుడిపె తెచ్చే నులిపురుగులను చంపుతుంది. బంతి ఆకును వెలుగుకు ఎత్తి పట్టి చూడండి, చిన్న చిన్న నూనె బుడిపెలు చుక్కల్లా కనిపిస్తాయి. ఆ ఘాటు వాసన అక్కడిదే. ఆ తెగ మొత్తానికి అది ఒక గుర్తు. ఆఫ్రికన్ మేరీగోల్డ్ అంటారు గానీ పుట్టిల్లు మెక్సికో.

పండుగ_పత్రి
నాకు ఈ ఏడు జరిగినది చెప్పాలి. వినాయక చవితి ముందు రోజు బజారులో పత్రి కట్ట కొన్నాను. 21 పత్రులలో మొదటిది మాచీపత్రం కదా, అందులో చీలికల ఆకు ఒకటి ఉంది, మాచిపత్రే అనుకున్నాను. దండ కట్టాక మణికట్టు మీద దద్దుర్లు లేచి నాలుగు రోజులు దురద. చర్మవైద్యులు కట్టలో మిగిలిన ఆకు చూసి "ఇది వయ్యారిభామ" అన్నారు. పాపం అమ్మిన ఆమెకు కూడా తెలిసి ఉండదు. రెండింటికీ ఆకు ఒకేలా ఎందుకుంది?

సూక్ష్మదర్శిని
రెండూ ఈ కుటుంబమే గనుక చర్చలోకి సరిగ్గానే వచ్చింది, మీ చేతికి అలా జరిగినందుకు బాధగా ఉంది. వయ్యారిభామ, అంటే పార్థీనియం, పొద్దుతిరుగుడు తెగలోది. మాచిపత్రి ఆర్టెమీసియా, అది చామంతి తెగ. లేత వయసులో ఆకు చీలిక ఒకేలా కనిపిస్తుంది. మాచిపత్రి ఆకు అడుగు తిప్పితే తెల్లని నూగు, నలిపితే దవనంలాంటి పరిమళం వస్తాయి. దవనం కూడా ఆర్టెమీసియానే. పార్థీనియం ఆకుకు ఆ పరిమళం లేదు, అడుగున తెల్లదనం లేదు. దాని పువ్వు చూస్తే మోసపోరు: తెల్లని చిన్న తలకు అయిదు మూలల్లో అయిదు చిన్న అంచు పూలు. గింజలు ఆ అయిదింటికే, తలకు అయిదే. మధ్యవి గింజ కట్టవు.

రసాయన_రవళి
దద్దుర్లకు కారణం పార్థెనిన్, సెస్క్విటెర్పీన్ లాక్టోన్ల జాతి పదార్థం. విచిత్రం ఏమిటంటే మలేరియాను లొంగదీసిన ఆర్టెమిసినిన్ కూడా ఆ రసాయన వంశమే. అది ఆర్టెమీసియా యాన్యువా నుంచి వచ్చింది, దానికే చైనా శాస్త్రవేత్త తూ యూయూకు 2015లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఒకే కుటుంబపు వంటింట్లో ఒకటి విషం, ఒకటి మందు.

గట్టుమీది_రైతు
వయ్యారిభామ పేరు ఎత్తితేనే నాకు ఒళ్ళు మండుతుంది. తలకు అయిదు గింజలే అన్నారు గానీ ఒక మొక్కకు తలలు ఎన్నో చూశారా? వేల గింజలు రాలుస్తుంది. పూతకు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకుని వేరుతో పీకాలి. పూత వచ్చాక పీకితే మనమే విత్తినట్టు. వానలు పడ్డాక చారల పెంకుపురుగు ఒకటి వచ్చి ఆకులను జల్లెడ చేస్తోంది. దాన్ని చంపకండి.

సూక్ష్మదర్శిని
ఆ పురుగు జైగోగ్రామా, మెక్సికోది. 1984లో బెంగళూరులో తెచ్చి వదిలారు. పార్థీనియం మన దేశంలో 1955లో పుణె దగ్గర గుర్తింపుకు వచ్చింది. దాని దగ్గరి చుట్టం ఒకటి, గ్వాయూలే, మెక్సికో ఎడారిలో రబ్బరు ఇస్తుంది.

చెన్నపట్నం_తెలుగు
నా ఫిర్యాదు కూడా వినండి. ఈ శాస్త్రవేత్తలు పేర్లు ఎందుకు ఇన్నిసార్లు మారుస్తారు? డిగ్రీలో చామంతిని క్రిసాంథిమమ్ అని చదివాను. తరువాత ఒక పుస్తకంలో డెండ్రాంథిమా అని చూశాను. ఇప్పుడు మళ్ళీ క్రిసాంథిమమ్. సహదేవి నాకు వెర్నోనియా సినీరియా, ఇప్పుడు సయాంథిల్లియమ్ అట. బట్టీ పట్టిన మాకు ఏమిటి ఈ శిక్ష?

సూక్ష్మదర్శిని
సహదేవి విషయం వేరు, వెర్నోనియా పేరు కింద దగ్గరి చుట్టాలు కానివన్నీ చేరిపోయాయని దాన్ని విడదీశారు. చామంతి కథ చెప్పవలసినదే. ఒక ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, ఒక ఆధార జాతి ఉంటుంది, ఆ పేరు ఎవరిది అన్న తగాదా వస్తే అదే సాక్షి. క్రిసాంథిమమ్‌కు ఆధారంగా మధ్యధరా ప్రాంతపు పసుపు పువ్వు ఒకటి ఉండేది, కొరొనేరియమ్. మనం దండలు కట్టే చామంతి తూర్పు ఆసియాది, ఆ రెండూ దగ్గరి బంధువులు కావు. 1961లో రష్యా శాస్త్రవేత్త త్స్వేలెవ్ ప్రజాతిని విడగొట్టాడు. నియమం ప్రకారం పేరు కొరొనేరియమ్ దగ్గర ఉండిపోయింది, మన చామంతి డెండ్రాంథిమా అయింది. శాస్త్రం ప్రకారం సరైనదే. కానీ ప్రపంచమంతా కోట్ల పూలు అమ్మేవాళ్ళు, పెంచేవాళ్ళు ఆ పేరు పలకలేదు. చివరికి 1999లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ ఆధార జాతినే మార్చింది. క్రిసాంథిమమ్ ఇండికమ్ సాక్షి అయింది, చామంతికి పేరు తిరిగి వచ్చింది. కొరొనేరియమ్ గ్లెబియోనిస్ అయింది. నన్నడిగితే అది మంచి తీర్పు. పేరు వాడుకునే జనం కోసమే ఉండాలి.

మూలికల_మూర్తి
చివరి మాటతో ఏకీభవించలేను. జనం వాడుకే ప్రమాణమైతే సుధ గారి నర్సరీ ఆయన చెప్పిన పేరు కూడా చెల్లాలి కదా.

సూక్ష్మదర్శిని
బలమైన ప్రశ్న. చామంతి విషయంలో జనం ఏ మొక్కను ఉద్దేశించారో అందరికీ తెలుసు, పేరు కాగితమే మారింది. నర్సరీలో మొక్కే మారిపోయింది. ఆ తేడా నాకు పెద్దది. అయినా మీరు అడిగాక నా వాక్యం కొంచెం అతిగా ఉందని ఒప్పుకుంటున్నాను.

అరకు_దారి
నవంబరులో అరకు వచ్చి ఫోటోలు దిగే పసుపు చేలు కూడా ఈ కుటుంబమే. వలిసెలు. చాలామంది ఆవాలు అనుకుంటారు, పొద్దుతిరుగుడు అనుకుంటారు. గింజ నల్లగా, సన్నగా నువ్వు కంటే కొంచెం పొడవు. మా అమ్మమ్మ ఇంట వలిసె నూనెతోనే వంట. చేలో తేనెపట్టు పెట్టెలు పెడితే తేనె బాగా వస్తుంది. ఫోటో కోసం చేలోకి దిగి తొక్కకండి, అది ఒక కుటుంబపు ఏడాది పంట.

సూక్ష్మదర్శిని
అరకు వలిసెల ప్రజాతికి గిజోటియా అని 1829లో పేరు పెట్టినవాడు ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఆన్రీ కాసిని, మొక్క పుట్టిల్లు ఇథియోపియా. ఈ కుటుంబాన్ని తెగలుగా విడదీయవచ్చని మొదట చూపినవాడు కూడా ఆయనే. కాసిని ఇంటివాళ్ళు తరతరాలుగా ఖగోళ శాస్త్రజ్ఞులు. ఈయన మాత్రం కీలం కొనలు, పరాగకోశాల అడుగులు చూస్తూ జీవితం గడిపాడు. 1832లో కలరాతో పోయాడు. సుమారు 1,600 ప్రజాతులు, 25,000కు పైగా జాతులున్న ఈ కుటుంబంలో ఆయన గీసిన గీతలు చాలావరకు ఈనాటికీ నిలిచాయి. గడ్డి చామంతి పేరుకే చామంతి, తెగ చూస్తే అరకు వలిసెలకు దగ్గర.

డల్లాస్_తెలుగు
ఇక్కడ టెక్సాస్‌లో పొద్దుతిరుగుడు రోడ్డు పక్కన అడవి మొక్క. మొదటిసారి చూసి గుర్తుపట్టలేదు. మన చేలో ఒక కాండం, ఒక పెద్ద తల. ఇక్కడ ఒకే మొక్కకు పాతిక కొమ్మలు, ప్రతి కొమ్మకు అరచేతిలో పట్టే పువ్వు. ఇదే దాని పుట్టిల్లు అట.

ఎనిమిదో_తరగతి_నాన్న
మా అమ్మాయి ఇంకొకటి అడిగింది: ఈ కుటుంబంలో అందరికంటే పెద్దన్న ఎవరు?

సూక్ష్మదర్శిని
1987లో జాన్సెన్, పామర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హరితరేణువుల డీఎన్‌ఏ పరిశీలించారు. ఈ కుటుంబంలో దాదాపు అన్నింటిలో ఒక పెద్ద ముక్క తిరగబడి ఉంది. దక్షిణ అమెరికాలోని బార్నడేసియా గుంపులో మాత్రం తిరగబడలేదు. అంటే ఆ మార్పు జరగకముందే ఆ గుంపు వేరుపడింది. పెద్దన్న అనడం కంటే, అందరికంటే ముందు వేరు కాపురం పెట్టిన శాఖ అని చెప్పండి. అమ్మాయి ఇలాంటివి ఇంకా అడగాలి, మీరు విసుక్కోకండి.

మిద్దెతోట_సుధ
ప్రశ్న నాదే కాబట్టి ఏమైందో చెప్పాలి. నిన్న సాయంత్రం అత్తయ్యతో కలిసి ఇంటి వెనక బట్టలు ఉతికే కుళాయి దగ్గరకు వెళ్ళాను. నీళ్ళు పారే సందులో ఆమె చూపించిన మొక్క ఇన్నేళ్ళుగా నేను కలుపు అని పీకి పారేస్తున్నదే. తెల్ల పువ్వు, అంచున సన్నని దారాల్లాంటి పూలు రెండు వరుసలు, లెక్కపెట్టలేకపోయాను. పాపస్ కుచ్చు లేదు, గింజ మందంగా గరుకుగా ఉంది. నలిపితే పది నిమిషాలలో అరచేయి నల్లబడింది. రాత్రి భోజనానికి కూడా ఆ మరక పోలేదు. నూనె పారబోశాను, మనసు చివుక్కుమంది.

తొట్టిలోని తీగను పీకేశాను. దాన్ని ఎక్కడ వేయాలి? కంపోస్టు డబ్బాలో వేయవచ్చా?

గట్టుమీది_రైతు
కంపోస్టులో వద్దు, కాలువలో అసలే వద్దు. ప్రతి కణుపూ ఒక కొత్త మొక్క. మిద్దె మీద సిమెంటు నేల మీద పరిచి, పెళపెళలాడేదాకా ఎండబెట్టండి. తరువాత ఏం చేసినా భయం లేదు.

చెన్నపట్నం_తెలుగు
సుధ గారూ, నిజమైన పసుపుది కావాలంటే చెప్పండి, వచ్చే నెల విజయవాడ వస్తున్నాను, ఒక కట్ట తెస్తాను. మూర్తి గారికి కూడా.

మిద్దెతోట_సుధ
తప్పకుండా తెండి, రెండూ పక్కపక్కన పెట్టి పెంచుతాను. తీగ అంతా సిమెంటు మీద పరిచేశాను. కరివేపాకు కుండీలో మాత్రం రెండు కణుపులు మళ్ళీ చిగురించాయి. రేపు పొద్దున్నే మట్టి మొత్తం తీసి వెతుకుతాను.